ఉరిసే పాత మిద్దెను బాగుచేయించడం: తొమ్మిది నెలల నా అనుభవం

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ పూటే తెనాలిలో మా పాత మిద్దె హాల్లో ఫ్యాను కొక్కెం దగ్గర చుక్క మొదలైంది. వాన మర్నాటికి వెలిసింది, చుక్క మాత్రం 9వ తేదీ దాకా ఆగలేదు. అసలు సంగతంతా ఆ మూడు రోజుల తేడాలోనే ఉంది కానీ అప్పటికి తట్టలేదు. వాన ఆగాక కూడా చుక్క పడుతోందంటే కప్పు లోపల నీళ్ళు నిలవ ఉన్నాయన్నమాట.

ఇంటి లెక్క ముందు చెబుతాను, తర్వాత ప్రతి మాటా దీనిమీదే ఆధారపడుతుంది. హాలు తూర్పు పడమరలుగా 18 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 14 అడుగులు. అడుగున్నర మందం గోడలు. అడ్డంగా రెండు టేకు దూలాలు, వాటి కొసలు ఉత్తరం, దక్షిణం గోడల్లో ఉంటాయి. దూలాల మీద అడుగున్నరకి ఒకటి చొప్పున మూడు వరసల్లో 27 దంతెలు, అంటే సన్న దూలాలు. దంతెల మీద పలచటి మిద్దె ఇటుకలు, అంగుళం మందానివి, నిలబెట్టి గోడకు ఏటవాలుగా పేర్చినవి. ఆపైన నాలుగంగుళాల ఇటుక జల్లి గచ్చు (ఇటుక ముక్కలు సున్నంతో కలిపి కొట్టిన పొర), దానిమీద బిళ్ళలు. మద్రాస్ మిద్దె అంటే ఇదే. సిమెంటు అన్నది ఎక్కడా లేదు, కనీసం కట్టినప్పుడు లేదు.

డిసెంబరంతా మనుషుల్ని పిలిచి చూపించడంతోనే సరిపోయింది. ఒకాయన పైకి కూడా ఎక్కకుండా "తీసేసి స్లాబు వేసేయండి" అన్నాడు. ఇంకొకాయన పైన రబ్బరు పెయింటు రెండు పూతలు కొడితే పదేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. రెండో సలహా చవక, అందుకే ప్రమాదం. లోపల నీళ్ళున్న కప్పుకి పైనుంచి మూత పెడితే ఆ తడి పోవడానికి ఇక ఒకటే దారి, కిందున్న టేకు.

నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో తెలుసుకోవడానికి 2024 జనవరి 6న పైపు పరీక్ష పెట్టాం. పైనంతా ఒకేసారి తడిపితే ఏమీ తెలియదు. పల్లంలో మొదలుపెట్టి, ఒక్కో చోట అరగంట నుంచి గంట దాకా సన్నధార వదిలి, కింద ఒక మనిషిని కూర్చోబెట్టాలి. పడమటి అంచున తూము పక్కన: కింద ఏమీ లేదు. ఫ్యానుకి సరిగ్గా నెత్తిన: ఏమీ లేదు. దక్షిణం పిట్టగోడ మొదట్లో, రావి మొక్క లేచిన చోట బట్టల నీలిమందు కలిపిన నీళ్ళు పోస్తే, 50 నిమిషాలకు ఫ్యాను కొక్కెం నుంచి నీలం చుక్క పడింది. రెంటికీ మధ్య దూరం ఏడడుగులు. నీళ్ళు గోడలోంచి దూలం కొసకు చేరి, దూలం పైఅంచు పట్టుకుని నడిచి, కొక్కెం కోసం వేసిన బెజ్జం దొరగ్గానే దిగుతున్నాయి. చుక్క పడే చోట పైన పూత వేయించుకునేవాళ్ళు జీవితాంతం వేయిస్తూనే ఉంటారు, ఎందుకో ఆ రోజు అర్థమైంది.

11న చెక్క చూశాం. దీనికి పరికరమేమీ అక్కర్లేదు, చిన్న సుత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు చాలు. సుత్తితో తడితే మంచి టేకు ఖంగుమంటుంది, డొల్లైతే డప్పులా బొదబొదమంటుంది. దంతె మధ్యలో చూసి లాభం లేదు, కుళ్ళేది గోడలోకి దూరే చోటే. అక్కడ గోడపూత కొంచెం తొలిచి స్క్రూడ్రైవరు పొడవాలి. పావంగుళం లోపల ఆగితే బతికినట్టే. పడమటి గోడలోకి వెళ్ళే తొమ్మిది దంతెల్లో ఐదు పిడిదాకా దిగాయి. పడమటి వైపు దూలం దక్షిణపు కొస బయటికి నున్నగా ఉంది, లోపల చెదలు తినేసి పొర మిగిలింది. ఫ్యాను వేలాడుతున్నది ఆ దూలానికే. ఆ రాత్రి హాల్లో ఎవరూ పడుకోలేదు.

సంక్రాంతికి వెళ్ళిన కూలీలు 22 దాకా రాలేదు. 24న 12 సెంట్రింగు జాకీలు (కప్పు బరువు ఆపే ఇనుప ఊతలు) అద్దెకు తెచ్చాం, ఒక్కోటి రోజుకి 6 రూపాయలు. ఈ రకం కప్పు చదరపు మీటరుకి సుమారు 370 కిలోలు తూగుతుంది. ఒక్కో దూలం మోసేది ఆరడుగుల వెడల్పు, 14 అడుగుల పొడుగు కాబట్టి దరిదాపు మూడు టన్నులు. అందుకే ఆ దూలం కింద నాలుగు జాకీలు, పడమటి దంతెల కింద అడ్డ చెక్క వేసి ఐదు, రెండో దూలానికి మూడు. జాకీ అడుగున మూడంగుళాల పలక పెట్టకపోతే పాత గచ్చు నేల గుంట పడుతుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. వంగిన దూలాన్ని జాకీతో పైకెత్తాలనుకుంటారు. ఎత్తకూడదు. ఎనభై ఏళ్ళలో దూలంతో పాటే పైన ఇటుక వరసా వంగి సర్దుకుని ఉంటుంది, అర అంగుళం ఎత్తినా సున్నం అతుకులు తెగి ఇటుకలు ఊడిపడతాయి. జాకీ దూలానికి తగిలి, చేత్తో ఊపితే కదలనంత బిగిస్తే చాలు.

జనవరి 29న పైన సిమెంటు పగలగొట్టడం మొదలైంది. 1990ల్లో ఎవరో బిళ్ళల మీద రెండంగుళాల సిమెంటు, మధ్యలో కోళ్ళగూటి వల పరిచి వేశారు. ఎండకి సిమెంటు సాగినట్టు కింద సున్నపు గచ్చు సాగదు. ఏడాది తిరిగేసరికి సన్న బీటలు వస్తాయి. బీటలోంచి నీళ్ళు లోపలికి పోతాయి గానీ ఎండకి ఆవిరై బయటికి రావడానికి సిమెంటు ఒప్పుకోదు. బ్రేకరు మిషను తెస్తానన్న వాణ్ణి వద్దన్నాం. దాని అదురుకి కింద ఇటుకలు రాలతాయి. ఇద్దరు మనుషులు, ఉలి, రెండు కిలోల సుత్తి, ఏడు రోజులు. పగలగొట్టిన పెంకును కప్పు మీద కుప్ప పోయకూడదు, సాయంత్రానికల్లా దించేయాలి. మొత్తం మూడు ట్రాక్టరు ట్రిప్పులు, లెక్కవేస్తే రెండున్నర టన్నులు. అంత అదనపు బరువుని ఆ దంతెలు ముప్పై ఏళ్ళుగా మోశాయి.

నాలుగో రోజు పలక లేపితే కింద గచ్చు ముద్దగా ఉంది. తుపాను వెళ్ళి ఎనిమిది వారాలైంది, ఈలోగా చెప్పుకోదగ్గ వాన లేదు. చేత్తో పిండితే తడి తెలిసింది. సిమెంటుతో పాటు పాత బిళ్ళలు కూడా ముప్పాతిక వంతు ఊడొచ్చాయి, దానికి సిద్ధపడే ఉండాలి.

సున్నం మాత్రం ఆ రోజే నానబెట్టాం, ఎందుకంటే అది తొందరపడే సరుకు కాదు. పిడుగురాళ్ళ నుంచి వచ్చిన రాతి సున్నం, 50 కిలోల బస్తాలు ఆరు. దుకాణంలో పొడి సున్నం చూపించి "రెండూ ఒకటేనండీ" అంటారు, ఒకటి కాదు. కాల్చిన రాయి ముక్కలుగా ఉండాలి, గాలి తగిలి పొడైపోయిన బస్తా పనికిరాదు. నీళ్ళలో సున్నం వేయాలి తప్ప సున్నం మీద నీళ్ళు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. కుతకుత ఉడుకుతుంది, కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. నానాక దోమతెర గుడ్డలో వడకట్టి, పైన నాలుగంగుళాల నీళ్ళు నిలిచేలా డ్రమ్ముల్లో ఉంచాం. వారం చాలంటారు. ఇక్కడ ఎటూ కప్పు ఆరాలి కాబట్టి ఆరు వారాలు దొరికాయి. వేళ్ళ మధ్య రుద్దితే వెన్నలా జారింది, పలుకు తగల్లేదు.

ఫిబ్రవరి 8 నుంచి 25 దాకా చెక్క పని. కొత్త దంతె ఎక్కించాలంటే పైన ఇటుకలు విప్పాలి, అందుకని ఆ జోలికి పోలేదు. కుళ్ళిన కొస తొమ్మిదంగుళాలు కోసేసి, మంచి చెక్కకి రెండు పక్కలా మూడంగుళాల ఇనుప సి-ఛానెల్ ముక్కలు, మూడేసి అడుగులవి, బిగించాం. రెండడుగులు చెక్క మీద, మిగతాది గోడలోకి. దంతెకి నాలుగు చొప్పున 12 మిల్లీమీటర్ల బోల్టులు, ఒకే గీతలో కాకుండా పైకి ఒకటి కిందికి ఒకటి. ఒకే గీతలో వేస్తే టేకు ఆ గీత వెంట చీలుతుంది. గోడ గూట్లో అడుగున కడప రాయి ముక్క, కొస చుట్టూ అర అంగుళం ఖాళీ. చెక్కనైనా ఇనుమునైనా సిమెంటుతో గూట్లో పూడ్చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది, ఆ ఖాళీలో గాలాడాలి. దూలం కొసకు ఆరంగుళాల ఛానెల్, పక్కకి ఐదడుగులు. అన్నీ కలిపి 115 కిలోల ఇనుము, తుప్పు ఆపే రెడాక్సైడు రంగు రెండు పూతలు కొట్టాకే బిగించాం. ఆశ్చర్యమేమిటంటే, బోల్టు బెజ్జాలు వేయడానికి రెండు రోజులనుకుంటే ఐదు పట్టింది. పాత టేకు రాయిలా ఉంటుంది, మామూలు డ్రిల్లు బిట్లు ఏడు పోయాయి.

చెదల మందు క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ (20 శాతం మందున్న ద్రావణం), లీటరుకి 19 లీటర్ల నీళ్ళు. గోడా నేలా కలిసే చోట అడుగుకి ఒక బెజ్జం, 12 మిల్లీమీటర్లది, ఒక్కో దాంట్లో లీటరు దాకా. పీల్చుకోవడం మానేస్తే ఆపేయడమే. పడమటి గోడకి లోపలి వైపు మాత్రమే వేయించాం. బయటివైపు ఎనిమిదడుగుల దూరంలో నుయ్యి ఉంది. ఆ నీళ్ళు ఇప్పుడు అంట్లకే వాడుతున్నా, మందు అటు పోనివ్వడం ఎందుకు?

రావి మొక్క గురించి. మొదలు కోసి ఇంగువ ముద్ద పెడితే చస్తుందని అందరూ చెప్పారు. పెట్టాం. మూడు వారాలకి ఎర్రటి చిగురు రెండంగుళాలు లేచింది. చివరికి పిట్టగోడ నాలుగడుగుల మేర విప్పదీయాల్సి వచ్చింది. వేళ్ళు ఇటుక సందుల్లో జుట్టులా అల్లుకుని ఉన్నాయి. ఒక లావు వేరు సరాసరి దూలం గూటిదాకా దిగింది. నీలం నీళ్ళు నడిచిన దారి అదే. లాగితే గోడ కదులుతుంది, సందు సందూ గీకి తీయాలి.

కప్పు ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండడుగుల పాలిథిన్ ముక్కను సాయంత్రం గచ్చు మీద పరిచి, నాలుగంచులూ టేపుతో అంటించి, పొద్దున చూడాలి. లోపలివైపు చెమట పడితే ఆరలేదు. ఫిబ్రవరి 10న చెమట ధారగా ఉంది. 24న చుక్కలు. మార్చి 12న పొడిగా వచ్చింది. ఐదు వారాలు. పగలంతా ఎండకి వదిలేసి, మబ్బు కనిపిస్తే టార్పాలిను. మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టం కప్పు మీద ఏమీ చేయకుండా ఆ ఐదు వారాలు కూర్చోవడం. చూసినవాళ్ళందరూ పని ఆగిపోయిందా అని అడిగేవారు.

పడమటి అంచున నాలుగడుగుల వెడల్పున గచ్చు పొడిపొడిగా అయిపోయింది. అంతమేర తీసి కొత్తగా కొట్టాలి. మిద్దె కొట్టడం తెలిసిన మేస్త్రి కోసం ఊరంతా అడిగితే డెబ్బై దాటిన ఒకాయన దొరికాడు. ఆయన మొదట చూసింది సున్నం కాదు, ఇటుక జల్లి. ముప్పాతిక నుంచి అంగుళం సైజు, రాత్రంతా నానాలి, పొడి ఇటుక సున్నంలో నీరంతా తాగేస్తుంది. ఐదు తట్టల జల్లికి సున్నం, సుర్కి (ఇటుక పొడి) సమంగా కలిపింది రెండు తట్టలు. నాలుగున్నర అంగుళాలు పరిచి, మూడున్నరకి దిగేదాకా కొట్టడం. మార్చి 14 నుంచి 17 దాకా, ఐదుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిడి ఉన్న చెక్కలతో. కిలో కరక్కాయ నలగ్గొట్టి, రెండు కిలోల బెల్లంతో 60 లీటర్ల నీళ్ళలో ఊరవేసిన ఆ నీళ్ళు చల్లుతూ. "గట్టిగా కాదమ్మా, ఆపకుండా" అనేవాడు మేస్త్రి. మొదటి రోజు చెక్క దిగబడింది. నాలుగో రోజుకి చెక్క ఎగిరి చేతికి తిరిగొచ్చింది, అచ్చు పడలేదు. అక్కడ ఆపాలి. కొత్తా పాతా కలిసే అంచుని నిలువుగా కోయకుండా మెట్టులా కోసి, సున్నపు తేటతో తడిపి కలిపాడు. వరిగడ్డి పరిచి మార్చి 31 దాకా తడిపాం.

బెల్లం నీళ్ళు చల్లిన కప్పు మీదికి ఎర్ర చీమలు వస్తాయని ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ 2 నుంచి 7 దాకా బిళ్ళలు. ఆరంగుళాల మట్టి బిళ్ళలు 1,100, ఊళ్ళో పడగొట్టిన ఇంటివి, ఒక్కోటి 9 రూపాయలు. వాటం (నీళ్ళు జారే వాలు) కొలిస్తే 18 అడుగులకి రెండున్నర అంగుళాలే ఉంది. ఆరు అంగుళాలు ఇమ్మన్నాడు మేస్త్రి, కానీ తూర్పున అంత లావు చేస్తే తీసేసిన బరువు మళ్ళీ ఎక్కుతుంది. బిళ్ళల కింద సున్నాన్ని పడమట ముప్పాతిక అంగుళం, తూర్పున అంగుళం ముప్పాతిక వేసి మూడున్నరకి తెచ్చాం. వాటం తక్కువైనప్పుడు నీటి దారి పొట్టి చేయాలి, అంటే రెండో తూము కావాలి. ఉన్నది వాయవ్యం మూలన. రెండోది నైరుతిలో పెట్టాలి, నీళ్ళు చేరేది అక్కడే. "నైరుతి నుంచి నీళ్ళు పోతే ఇంట్లో డబ్బు నిలుస్తుందట్రా?" అంది పెద్దమ్మ. పడమటి గోడ మధ్యలో పెట్టాం. తూములు నాలుగంగుళాల పీవీసీ, గోడ దాటి అడుగు బయటికి. పాత తూము మూడంగుళాలే బయటికి ఉండేది, ముప్పై ఏళ్ళుగా ఆ నీళ్ళన్నీ గోడ పొడవునా కారి దంతెల కొసల్లోకి పోయాయి. ఒక అడుగు పైపుకి 60 రూపాయలు.

10న జాకీలు దింపాం. ఒక్కోదాన్ని పావు చుట్టు, వరసగా అన్నిటినీ, అరగంట ఆగి మళ్ళీ పావు చుట్టు. దూలం కింద దారం కట్టి కొలిస్తే 3 మిల్లీమీటర్లు దిగి నిలబడింది. మర్నాడు కూడా అంతే. 77 రోజుల అద్దె 5,544 రూపాయలు.

పడమటి గోడ లోపలి పూత మాత్రం దెబ్బతీసింది. పాత సిమెంటు పూత చెమ్మ గీతకి అడుగున్నర పైదాకా తీసేసి, ఇటుక సందులు అర అంగుళం గీకి, ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపాం. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు, మొదటి పూత పది మిల్లీమీటర్లు. ఏప్రిల్ 22న వేస్తే 24కల్లా సాలెగూడులా పగుళ్ళు. పాళ్ళు తప్పలేదు, సున్నం తప్పలేదు. తప్పు ఫ్యానుది. ఎండలు మండుతున్నాయని పనివాళ్ళు రోజంతా ఫ్యాను వేసుకున్నారు. సున్నం ఎండకూడదు, తడిగా ఉంటూ గాలి పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడాలి. 30 చదరపు అడుగులు తీసి మళ్ళీ వేసి, తడి గోనె పట్టాలు వేలాడదీశాం. రెండో పూతకి 12 రోజులు ఆగాలనుకుంటే, మే 13 పోలింగు హడావిడిలో మనుషులు దొరక్క 24 రోజులైంది. పూతకి అది మంచిదే అయింది. పైన ఎమల్షన్ వేయలేదు, వెల్లే.

కప్పు విప్పినప్పుడే పాత చెక్కపట్టీ వైరింగు కూడా తీసేయించాం. రబ్బరు తొడుగు చేత్తో ముట్టుకుంటే పొడిగా రాలింది. అది 9,500.

మొత్తం 1,38,000 దగ్గర తేలింది, అనుకున్నది 80,000. తేడా ఇనుములో, సున్నంలో రాలేదు, ఆ రెండూ కలిపి 12,000 దాటలేదు. పోయిందంతా మనుషుల రోజుల్లోనే: పగలగొట్టడానికి 12,600, మిద్దె కొట్టడానికి 17,800, బిళ్ళలు పరచడానికి 16,200, వడ్రంగికి 11,700.

ఆగస్టు 31న, విజయవాడని బుడమేరు ముంచిన ఆ వానల్లో, ఇక్కడా తెరిపి లేకుండా కురిసింది. ఫ్యాను కొక్కెం పొడిగా ఉంది. దూలం కొస గూట్లో వేలుపెట్టి చూస్తే దుమ్మే తగిలింది. సెప్టెంబరు 2న మాత్రం నైరుతి మూలన, చివరి దంతె పక్కన, అరచేయంత చెమ్మ మచ్చ కనిపించింది. పైకెక్కి చూస్తే ఆ మూల అర అంగుళం నీళ్ళు నిలిచి ఉన్నాయి, మధ్యలో పెట్టిన తూముకి అందక. ఈసారి పెద్దమ్మ పైకి రాలేకపోయినా ఫోనులో ఫొటో చూసింది. వానాకాలం పోయాక ఆ మూల నాలుగడుగుల్లో బిళ్ళలు లేపి, కింద సున్నం అర అంగుళం లావు చేసి వాటాన్ని తూము వైపు తిప్పాలి. 64 బిళ్ళలు పడతాయి, మిగిలినవి 70 ఉన్నాయి.